ఒంటరిగా వదలరాదు

కుక్కను ఇంట్లో ఒంటరిగా వదలరాదని నియమం విధించినవారు, దానికి తోడుగా కూర్చోబెట్టిన మనిషి ఒంటరిగా ఉన్నదో లేదో ఎందుకు విచారించలేదు? ఈ ప్రశ్నను ఇంతవరకు నేను ఇద్దరికి వేశాను. ఒకరు ఈ కుటీరం యజమానురాలు గ్లెనిస్. ఆమె నవ్వి, కోటు జేబులోనుంచి ఒక బిస్కట్టు తీసి కుక్కకు పెట్టి, తన దారిన వెళ్లిపోయింది. రెండోవారు కుక్క. అది నా ఎదుట, నల్లరాతి గోడ వారగా పరిచిన తన పరుపుమీద కూర్చుని, తెల్లని గుబురు కనుబొమ్మలు పైకెత్తి, మా మామగారు కచేరీలో అర్జీదారులను చూసినట్లు నన్ను చూస్తున్నది. జవాబు చెప్పే ఉద్దేశం ఆయనకూ ఉండేది కాదు.

గ్లెనిస్ వచ్చి వెళ్లి ఎంతోసేపు కాలేదు. నేను కిటికీ పక్క కుర్చీలో పుస్తకం తెరిచి కూర్చున్నాను. మా అమ్మాయి శ్రీలేఖ, అల్లుడు సంజయ్, మనవరాలు అమూల్య అప్పటికే సముద్రపుపాయకు అవతల ఉన్న దీవిని చూడటానికి వెళ్లారు. ఆ దీవిలో పక్షులు నేలలో బొరియలు తవ్వుకొని గుడ్లు పెడతాయట, అందుచేత అక్కడికి కుక్కలను రానివ్వరు. "అమ్మా, అక్కడ వాకింగ్ ట్రాక్ అంతా రాళ్లు, నీ మోకాళ్లకి కష్టం. నువ్వు హాయిగా రెస్ట్ తీసుకో, మేం ఆ ఐలాండ్ అలా చూసొచ్చేస్తాం," అన్నది శ్రీలేఖ. నేను నమ్మాను. కన్నకూతురి మాట నమ్మటానికి సాక్ష్యాధారాలు కోరే అలవాటు అప్పటికి నాకు లేదు. అప్పుడు గ్లెనిస్ తలుపు తట్టి, తల లోపలికి పెట్టి, "ఓ, ఆ 'సమ్‌వన్' మీరేనన్నమాట!" అన్నది. ఏ సమ్‌వన్ అని అడిగాను. "ఈ ఇంట్లో కుక్కను ఒంటరిగా వదలకూడదు, అది నా షరతు. మీ అమ్మాయి ఫోనులో, 'డోంట్ వర్రీ, సమ్‌వన్ విల్ ఆల్వేస్ బీ విత్ హిమ్' అంది. నేనేమో కూలికి పెట్టుకున్న పిల్ల ఎవరో అనుకున్నాను!" అని ఎంతో స్నేహంగా చెప్పింది. స్నేహంగా చెప్పటంవల్ల ఒక వాక్యంలోని విషం తగ్గదని నా అనుభవం. రుచి మాత్రం మారుతుంది.

సమ్‌వన్. ఈ దేశపు ఆసుపత్రిలో సూక్ష్మజీవ విభాగాన్ని నడిపి, చేతులు సరిగా కడుక్కోని సర్జన్లను వాళ్ల విద్యార్థుల ఎదుటనే వెనక్కి పంపిన ఉదయలక్ష్మి అనే మనిషి, పదవీ విరమణ తరువాత ఒక పేరులేని సర్వనామంగా మారింది. కుక్కకు పేరున్నది. ఆ పేరు వాకిట్లో పలకమీద సుద్దముక్కతో, చుట్టూ చిన్న పూలు గీసి, స్వాగతం చెబుతూ రాసి ఉన్నది. నిన్న కారు దిగి ఆ పలకను చూసిన క్షణాన నా చేయి తనంతట తానే పమిటను భుజాలమీదికి లాక్కోబోయింది. నేను వేసుకొన్నది పొడుగుచేతుల స్వెట్టరని చేతికి గుర్తు లేదు. ఎందుకంటే అది మా మామగారి పేరు.

ఆ పేరును నేను పలకను. ఇది భక్తి కాదు, భయం కాదు, మూఢనమ్మకం అసలే కాదు. మా ఇళ్లలో కోడలు మామగారి పేరు, భార్య భర్త పేరు నోట ఉచ్చరించరు. నేను పెళ్లినాటికే డిగ్రీ చదివినదాన్ని, ఆ ఆచారానికి ఆధారమేమిటని అత్తగారు అలివేలమ్మగారిని సూటిగా అడిగాను. "పేరు పలికితే ఆయుక్షీణం," అన్నది ఆమె పప్పు రుబ్బుతూ. "రుజువేమిటి అత్తయ్యగారూ?" అన్నాను. "నేను పలకలేదు, ఆయన బతికే ఉన్నారు. ఇంకేం రుజువు కావాలే నీకు?" అన్నది. అది ఎంత లోపభూయిష్టమైన ప్రయోగమో నాకు తెలుసు. పోల్చి చూడటానికి రెండో మామగారు లేరు. ఆయన తొంభై దాటి, మధ్యాహ్నం భోంచేసి, కాఫీ తాగి, నిద్రలో పోయినప్పుడు అలివేలమ్మగారు మా అందరినీ కలయజూసి, "ఎవరో పలికుంటారు," అన్నది. ఆ చూపు ఆగింది నామీద కాదు. ఆ ఒక్క విషయంలో నేటికీ నా రికార్డు నిష్కళంకం.

ఆయన బాపట్ల కచేరీలో శిరస్తదారు, గుమాస్తాలకు పెద్ద. మాట్లాడేవారు కాదు, గొంతు సవరించుకొనేవారు. ఒకసారి సవరిస్తే కాఫీ, రెండుసార్లయితే పత్రిక, సుదీర్ఘంగా సవరిస్తే ఇంట్లోకి ఎవరో చుట్టాలు వచ్చారని, వారు వెళ్లిపోవాలని. ఆయన ఫొటో ఒకటి గ్లెన్ వేవర్లీలో మా ఇంటి హాల్లో ఉన్నది: గుబురు కనుబొమ్మలు, నోటిని పూర్తిగా కప్పేసిన మీసం, ఫొటోగ్రాఫరును బదిలీ చేయించబోతున్నట్లు చూపు. ఈ జర్మను జాతి కుక్కపిల్లను తెచ్చినరోజు అమూల్య దాన్ని ఎత్తుకొని ఆ ఫొటో పక్కన పట్టుకొని, "ఓ మై గాడ్ అమ్మమ్మా, లుక్! సేమ్ ఐబ్రోస్! సేమ్ మీసం! ఇట్స్ హిమ్!" అన్నది. దానికి తెలిసిన తెలుగుమాటల్లో 'మీసం' ఉన్నందుకు నేను సంతోషించేలోగా నామకరణం జరిగిపోయింది. నేను ఆక్షేపించాను. "అమ్మా, ఇట్స్ ఎన్ ఆనర్! తాతయ్యని రోజూ తలుచుకున్నట్టు ఉంటుంది," అన్నది శ్రీలేఖ. ఆనాటినుంచి ఆ ఇంట్లో మా మామగారిని సోఫా దిగమంటున్నారు, చెప్పు వదలమంటున్నారు, గుడ్ బాయ్ అంటున్నారు. సంజయ్‌కి ఇందులో హాస్యం తప్ప మరేమీ కనబడలేదు. "మీకేం అత్తయ్యా, సింపుల్‌గా 'మామయ్యగారూ' అని పిలవండి, అన్‌లీష్ చేసేటప్పుడు మాత్రం ఒకసారి దణ్ణం పెట్టుకోండి," అంటాడు. నేను దాన్ని ఏమనీ పిలవను. పిలవకుండా ఒక ప్రాణితో కాపురం చేయవచ్చునని నా దాంపత్యమే నిరూపించింది.

మా ఆయనను కూడా నేను పేరుతో పిలవలేదు. 'ఏమండీ' అన్న ఆ ఒక్క మాటతో ఇల్లు కొన్నాము, బిడ్డను కన్నాము, రెండు ఖండాలలో పోట్లాడుకొన్నాము. ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఆయనకు అపెండిసైటిస్ వస్తే, ఆసుపత్రి గుమ్మంలో రిసెప్షను పిల్ల "హజ్బెండ్స్ నేమ్?" అని అడిగింది. నేను ఆయన పెట్టెకు కట్టిన విమానం చీటీ చూపించాను. స్ట్రెచరుమీద ముడుచుకొని పడుకొన్న మనిషి, అంత నొప్పిలోనూ, "పేగుల్లో ఉండే పురుగు పురుగుకీ లాటిన్ పేర్లు గడగడా చెప్తావు. మల్లికార్జున అనటానికి నోరు తిరగదా?" అని నవ్వారు. పేరు నేను రాయగలను, చూడండి, రాశాను, పలకటం వేరు. ఆయన పోయి మూడో ఏడు నడుస్తున్నది. పలికితే ఇప్పుడు పోయేదేమీ లేదు గదా అని ఒకనాడు అద్దం ముందు నిలబడి నోరు తెరిచాను. 'ఏమండీ' అనే వచ్చింది. ఎవరూ పలకలేదు. కుళాయి కట్టి, చదువుతున్న పుస్తకం దగ్గరికి వెళ్లాను. అది చెప్పుకోదగిన సంఘటన కాదు.

చెప్పుకోదగినది మరొకటున్నది. సాయంత్రం వీళ్లు తిరిగి వచ్చాక నేను ఒక జవాబు చెప్పాలి. క్లైడ్ నార్త్‌లో వీళ్లు కొత్త ఇల్లు కడుతున్నారు. నేను గ్లెన్ వేవర్లీలోని నా ఇల్లు అమ్మేసి వచ్చి వీళ్లతో ఉండాలని కోరుతున్నారు. ఈ యాత్ర ముగిసేలోగా చెప్పమన్నారు, వచ్చేవారం బిల్డరుకు మాట ఇవ్వాలట. నిన్న కారులో సంజయ్ ఫోనులో ప్లాను చూపించాడు. "డౌన్‌స్టెయిర్స్ రూమ్ మీదే అత్తయ్యా. లాండ్రీ పక్కనే. వెరీ కన్వీనియంట్." ఎవరికి అని అడిగాను. "అంటే... ఇన్ జనరల్," అన్నాడు. ఆ లాండ్రీకి కుక్క రాకపోకలకని ఒక చిన్న తలుపు కూడా గీసి ఉన్నది. ఆ రెండు గదులూ పక్కపక్కన ఎందుకున్నవో నేను నిన్న ఆలోచించలేదు. నిజం చెప్పాలంటే, సరేనని చెప్పటానికే వచ్చాను. ఈ ఉదయం చెప్పబోయి, టిఫిను తరువాత చెబుదామని ఆగాను. గ్లెనిస్ నోటి మాటతో ఆ గది అర్థం మొత్తం నాకు తేటతెల్లమైంది. ఇక్కడ వీళ్లు దీవికి వెళితే, అక్కడ ఆఫీసుకు వెళతారు. ఇక్కడ గ్లెనిస్ షరతు, అక్కడ షరతు లేకుండానే. నేను నా గోడలు, నా అల్మరాలు, నిమ్మచెట్టు, పక్కింటి శ్యామసుందరితో దశాబ్దాలుగా సాగుతున్న చెత్తడబ్బాల తగాదా అన్నీ వదులుకొని వెళ్లి, మా మామగారి పేరుగల జీవికి సమ్‌వన్‌గా కుదురుకోవాలి.

గ్లెనిస్‌ను మాత్రం నేను తప్పుపట్టను. ఆమె తన సిద్ధాంతంలో స్థిరంగా ఉన్న మనిషి. ఈ కుటీరానికి వేల్స్ దేశపు సముద్రతీరంలో తన తల్లి ఉన్న ఇంటి పేరు పెట్టింది. గుమ్మంమీద చెక్కిన ఆ పేరులో అచ్చులెక్కడున్నవో వెతికి విరమించుకొన్నాను. అక్కడా పాత ఊరేనట, కొండమీద కోట, కింద రేవు. "కోటలోకి టికెట్టు లేకుండా పోగలిగేవి కుక్కలే," అని గర్వంగా చెప్పింది. ఈ ఊరు కూడా తిమింగలాలను వేటాడినవాళ్లు కట్టుకొన్న పాతది. మా తాతగారి ఈడు ఇల్లు ప్రతిదానికీ ఒక ఇత్తడి ఫలకం ఉన్నది. మా వైపు ఆ ఈడు ఇంటిని కూల్చి అపార్టుమెంటు కడతారు. ఇక్కడ కుక్కకు బుట్టనిండా తువ్వాళ్లు, వానకోటు, పింగాణీ గిన్నె, రాత్రి నిద్రకు ముందు కొరకటానికి ఎముక ఆకారపు బిస్కట్లు. మనుషుల కోసం, తువ్వాళ్లు వెంట తెచ్చుకొనవలెనని సూచన. నేను తడి చేతులను నా స్వెట్టరుకే తుడుచుకొన్నాను. సూక్ష్మజీవశాస్త్రం చదివినవారెవరూ చేయవలసిన పని కాదది.

సరిగ్గా ఈ ఆలోచన దగ్గర కుక్క లేచి, పెరటి తలుపు ముందు నిలబడి, గొంతు సవరించుకొన్నది. నేను వినలేదన్నట్లు పేజీ తిప్పాను. రెండోసారి సవరించుకొన్నది. చదువు, ఉద్యోగం, పౌరసత్వం అన్నీ ఒక్క క్షణంలో ఎటు పోయినవో తెలియదు. నేను లేచి నిలబడ్డాను. తలుపు తీశాను. గ్లెనిస్ వెళుతూ పెరటి గేటుకు గొళ్లెం వేయలేదన్న సంగతి నాకన్న ముందు అది గ్రహించింది.

మోకాళ్ల గురించి మా అమ్మాయి అభిప్రాయాలను ఈ సందర్భంగా పునఃపరిశీలించవలసి ఉన్నది. నేను ఇంటి చెప్పులతో ఆ సందు దాటాను, దేవదారువంటి ఎత్తైన చెట్ల వరుస దాటాను, పడవలు కట్టిన రేవు వెంట వెళ్లాను. ముందు అది, వెనుక నేను. అది పరుగెత్తటం లేదు, అదే అవమానం. మా మామగారు కచేరీకి నడిచినట్లే, వెనుదిరిగి చూడకుండా, సరిగ్గా నాకు అందనంత వేగంతో నడుస్తున్నది. "ఇదిగో!" అన్నాను. లాభం లేదు. "ఏయ్" అనబోయి మామగారిని ఏయ్ అనటం సబబు కాదని మానుకొన్నాను, ఆ సమయంలో అంత విచక్షణ నాకెందుకు మిగిలిందో చెప్పలేను. తరువాత నోటినుంచి వచ్చిన మాట, "ఏమండీ!" ఆ మాట గాలిలో తేలి వెళ్లింది. కుక్క ఆగలేదు. రేవు గట్టుమీద కాగితంలో చేప, ఆలుగడ్డ వేపుళ్లు పెట్టుకొని తింటున్న ఒక పెద్దమనిషి మాత్రం తిరిగి చూశాడు.

"లాస్ట్ యువర్ డాగ్, లవ్?"

"పోలేదు. ఎదురుగానే ఉన్నది," అన్నాను ఇంగ్లీషులో, ఆయాసంలోనూ ఖచ్చితత్వం తప్పక.

"పేరు పెట్టి పిలవకపోయారా?"

"పిలవను."

"పేరు తెలియదా?"

"తెలుసు."

ఆయన వేపుడు ముక్క నోటిదగ్గరే ఆపి, "దెన్ వాట్స్ ద ప్రాబ్లమ్, లవ్?" అన్నాడు. పప్పు రుబ్బే రోలు, అలివేలమ్మగారి చూపు, ఆయుక్షీణ సిద్ధాంతం, అందులోని లోపం, ఇవన్నీ వివరించే వ్యవధి లేదు. కుక్క దీవికి వెళ్లే సన్నని కట్టమీదికి ఎక్కింది. అక్కడ కుక్కలను నిషేధించే బోర్డు ఉన్నది. అవతల నేలంతా బొరియలు, బొరియ బొరియకూ ఒక తల్లి పక్షి, భూగోళం ఆ కొసనుంచి ఎగిరివచ్చి ఒక్కటంటే ఒక్క గుడ్డు పెట్టుకొన్నది. వాటిమధ్యకు మా మామగారు మీసంతో సహా ప్రవేశించబోతున్నారు. సముద్రపు గాలి మొహాన కొడుతున్నది. నేను రెండు చేతులూ నోటికి అడ్డుపెట్టుకొని, పుట్టిన తరువాత ఎన్నడూ వాడని గొంతుతో అరిచాను.

"బ్రహ్మయ్యా!"

పిడుగు పడలేదు. రేవులో పడవలు ఊగుతూనే ఉన్నవి. కుక్క ఆగింది, వెనుదిరిగింది, కట్ట నడిమధ్య కూర్చున్నది. దాని కనుబొమ్మల కింద నేను ఆయన జీవితకాలంలో చూడనిది ఒకటి కనబడింది: విధేయత. నాకు ఇంకోసారి అరవాలనిపించింది. అవసరం లేదు, ఐనా అరిచాను. "బ్రహ్మయ్యా! కూర్చో! కదిలావంటే చూడు!" ఏకవచనం. బ్రహ్మాండంగా ఉన్నది. వేపుడు తినే పెద్దమనిషి చప్పట్లు కొట్టి, "గుడ్ ఆన్ యా, బ్రామయ్యా!" అని అందుకొన్నాడు, పక్కన గాలం వేస్తున్న దంపతులు కూడా వల్లించారు. బాపట్ల శిరస్తదారు పేరు దక్షిణ మహాసముద్రం ఒడ్డున నలుగురి నోటా నానింది.

అప్పుడు కట్టకు అవతలి కొసన ముగ్గురు మనుషులు కొయ్యబారి నిలబడి ఉండటం చూశాను. శ్రీలేఖ పరుగున వచ్చి, కుక్కను దాటి, ముందు నన్ను పట్టుకొన్నది. "అమ్మా! ఇంతదూరం ఎలా వచ్చావు? నీ మోకాళ్లు!"

"మోకాళ్లతోనే వచ్చాను."

"అమ్మమ్మా, యూ సెడ్ ఇట్! యూ యాక్చువల్లీ సెడ్ ఇట్!" అని అమూల్య ఎగురుతున్నది. సంజయ్ కుక్క మెడపట్టీ అందుకొని, "అత్తయ్యా, తాతగారు పైన ఇప్పుడు ఉలిక్కిపడి కుర్చీలోంచి లేచుంటారు," అన్నాడు.

"లేవనీ. నాకు ఒక్క ప్రశ్నకు సమాధానం కావాలి. నన్ను ఈ ఊరికి తీసుకొని వచ్చింది నాకోసమా, దీనికి కాపలాకా? గ్లెనిస్ అంతా చెప్పింది."

శ్రీలేఖ, సంజయ్ మొహమొహాలు చూసుకొన్నారు. "చెప్పెయ్ శ్రీ," అన్నాడు అతను.

"అమ్మా, వాణ్ణి క్రెయిగీబర్న్‌లో నా ఫ్రెండ్ కళావతి వాళ్లింట్లో వదిలేద్దామనుకున్నాం. వాళ్లు ఓకే అన్నారు కూడా. మేం ఫస్ట్ బుక్ చేసింది వేరే ప్లేస్, సీ వ్యూ, స్పా, అన్నీ ఉన్నాయి. నో డాగ్స్. తర్వాత నేనే క్యాన్సిల్ చేశా."

"ఎందుకు?"

"మేం బయటికెళ్తే నువ్వొక్కదానివే ఉంటావు కదా. నాన్న పోయాక నిన్ను ఒంటరిగా వదలాలంటే నాకు అదోలా ఉంటుంది. అందుకే డాగ్ ఫ్రెండ్లీది వెతికి వెతికి పట్టుకున్నా. వాడు నీకు తోడు. గ్లెనిస్ రూల్ అంటావా, అది ఎలాగూ సరిపోయింది."

కాపలాదారు నేను కాదు. కాపలా ఉన్నది అది. ఇంతసేపూ నా ఎదుట కూర్చుని కనుబొమ్మలెత్తి చూసింది విధినిర్వహణలో భాగమన్నమాట. వదలరాదన్న నియమం మా అమ్మాయి మనసులో గ్లెనిస్‌కన్న ముందే ఉన్నది, కుక్కమీద కాదు, నామీద. రెండింటిలో ఏది ఎక్కువ అవమానమో అక్కడే నిలబడి తూచి చూశాను. తేలలేదు. ఒకదానిలో కోపం స్వచ్ఛంగా ఉన్నది. రెండోదానిలో ప్రేమ కలిసి, నమూనా పాడైంది.

"నేను ఒంటరిగా ఉన్నానని నీకెవరు చెప్పారు?" అన్నాను.

"ఎవరో చెప్పాలా అమ్మా? తెలిసిపోతుంది కదా."

"తెలిసిపోవటానికి నేనేమన్నా జ్వరమా? నన్ను అడిగావా?"

మా ఇద్దరి మధ్యకు, ఎన్నడూ ఇంగ్లీషులో తప్ప జవాబివ్వని అమూల్య వచ్చి నిలబడి, మాట మాటకూ తడుముకొంటూ, "అమ్మమ్మా, నీకు... ఒక్కదానివే ఉంటే... బాధ ఉంటుందా?" అన్నది.

ఆయన పోయిన తరువాత మొట్టమొదటిసారిగా వచ్చిన ప్రశ్న. ఖచ్చితమైన ప్రశ్నకు ఖచ్చితమైన సమాధానం ఇవ్వటం నా వృత్తిధర్మం, ఆలోచించాను. "ఆదివారం సాయంత్రాలు ఉంటుంది. మీ తాతయ్య పాత రికార్డులు పెట్టేవారు ఆ వేళకు. తక్కిన వారమంతా ఉండదు."

"దట్స్ ఇట్?"

"అంతే."

"సో, సండేస్ వస్తాం," అన్నది అమూల్య, బడిలో లెక్క తేల్చినట్లు.

"రండి. ఇల్లు మాత్రం నేను అమ్మను."

సంజయ్ నెమ్మదిగా, "మరి ఆ డౌన్‌స్టెయిర్స్ రూమ్ అత్తయ్యా?" అన్నాడు.

"వారికివ్వండి," అని కుక్కను చూపించాను. శ్రీలేఖకు ముందు కళ్లు తడిశాయి, తరువాత నవ్వు వచ్చింది, ఆ రెండూ ఆగకముందే నా చేయి పట్టుకొన్నది. పట్టుకోనిచ్చాను. ఇంటి చెప్పులు నిజంగానే జారుతున్నవి.

ఇక మీతో. మీ ఇంట్లోనో, మీ ఫోనుకు అవతలివైపునో, ఒంటరివారని మీరే నిర్ధారించి, మీకు తోచిన ఏర్పాట్లు చేసిపెట్టిన మనిషి ఒకరుంటారు. ఈ కథ పక్కన పెట్టండి. లేవండి. వెళ్లి ఆ మనిషినే అడగండి, జవాబు పూర్తయ్యేవరకు నిలబడి వినండి. మీకు బదులుగా కుక్కను పంపకండి.